1971 నాటి మన టి-55, 1/35 స్కేలు: ప్రాజెక్టు డైరీ

బజార్లో టి-55 (సోవియట్ ట్యాంకు) అని దొరికే 1/35 ప్లాస్టిక్ మోడల్ కిట్లలో, అంటే అసలులో 35వ వంతు సైజువాటిలో, ఎక్కువ భాగం నిజానికి దాని తర్వాతి రూపమైన టి-55ఏ. 1971 డిసెంబరులో ఢాకా దారి పట్టిన మన ట్యాంకు చెయ్యాలంటే పెట్టెలో ఉన్నదాన్ని ఉన్నట్టు అతికిస్తే కుదరదు. కొన్ని చెక్కెయ్యాలి, ఒకటి కొత్తగా కట్టాలి. కట్టాల్సిందేమిటంటే, బ్యారెల్ మధ్యలో ఉండే ఉత్తుత్తి ఫ్యూమ్ ఎక్స్‌ట్రాక్టర్. గుండు పేలాక పొగ టరెట్ (గన్ ఉండి తిరిగే పై భాగం) లోకి రాకుండా లాగేసే అసలు ఎక్స్‌ట్రాక్టర్ టి-55కి బ్యారెల్ మూతి దగ్గరే ఉంటుంది. అవతల పాకిస్తాన్ దగ్గర చైనా టైప్ 59లు, అంటే టి-54ఏ నకళ్ళు. దూరం నుంచి రెండూ ఒకటే బొమ్మ. మనవాళ్ళు మనవాళ్ళనే కాల్చకుండా, గుర్తు కోసం మన ట్యాంకుల బ్యారెల్ నడిమధ్యన ఇంకో డొల్ల గొట్టం తొడిగారు. తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) వైపు ఎదురుపడ్డవి ఎక్కువగా ఎం-24 చాఫీ అనే తేలికపాటి ట్యాంకులే కాబట్టి అక్కడ దాని అవసరం తక్కువ, కానీ గొట్టం మాత్రం ఉంది.

ముందు డెక్కన్ హార్స్ ట్యాంకు చేద్దామనుకున్నాను. నిజాం నాటి హైదరాబాద్ గుర్రపు దళాల్లో మూలాలున్న రెజిమెంటు కదా, మనదన్న మమకారం. కానీ 1971లో పశ్చిమాన జమ్మూ వైపు ఛంబ్ దగ్గర వాళ్ళు నడిపినవి టి-54లు. టరెట్ పైన ఫ్యాన్ బుడిపె దగ్గర్నుంచి చాలా మార్చాలి, ఈ కిట్‌తో అంత తంటా అనవసరం. అందుకే తూర్పు రంగంలో టి-55లు నడిపిన 63 కావల్రీ రెజిమెంటు ట్యాంకు ఎంచుకున్నాను.

దశ 1: కొలతలు

పని మొదలుపెట్టకముందే డిజిటల్ కాలిపర్ (సన్న కొలతలు తీసే పనిముట్టు) కొనండి. మిగతా ఏ పనిముట్టు లేకపోయినా గడుస్తుంది, ఇది లేకపోతే గడవదు. అసలు కొలతను మిల్లీమీటర్లలో రాసుకుని 35తో భాగించడమే లెక్క.

1. హల్ (ట్యాంకు కింది ఒళ్ళు) పొడవు 6,450 మి.మీ. మోడల్‌లో 184.3 రావాలి. కిట్‌లో 184. సరే.
2. రోడ్ వీల్ (ట్రాకు మీద దొర్లే పెద్ద చక్రం) వ్యాసం 810. రావాల్సింది 23.1, ఉన్నది 23.0. సరే.
3. ట్రాక్ వెడల్పు 580. రావాల్సింది 16.6. ఉన్నదీ అంతే.
4. గన్ రంధ్రం 100. రావాల్సింది 2.86, కిట్‌లో 2.4. చేతి డ్రిల్లుకు 2.8 బిట్ పెట్టి మెల్లగా తొలిచాను. బ్యారెల్ రెండు చెక్కలూ అతికి పూర్తిగా ఆరాకే తొలవాలి, లేకపోతే అతుకు విచ్చుకుంటుంది.

ఒక్క అంకె గోడ మీద రాసి పెట్టుకోండి: మోడల్ మీద 0.1 అంటే అసలు ట్యాంకు మీద 3.5 మి.మీ. కింద దీంతో చాలాసార్లు పని పడుతుంది.

ఖర్చు: కిట్ 2,900, కాలిపర్ 650. మొత్తం రూ. 3,550.

దశ 2: టి-55ఏ నుంచి తీసెయ్యాల్సినవి

టి-55ఏకి అణు ధార్మికత నుంచి సిబ్బందిని కాపాడే లైనింగ్ వేశారు. దాని వల్ల హ్యాచ్‌ల (సిబ్బంది ఎక్కి దిగే మూతల) చుట్టూ అంచులు దళసరిగా, ఎత్తుగా కనిపిస్తాయి. మామూలు టి-55కి ఆ దళసరి ఉండదు. ఇంకో తేడా, టి-55కి హల్ ముందు ఏటవాలు ప్లేటు మధ్యలో మెషిన్ గన్ కోసం చిన్న బెజ్జం ఉంటుంది, టి-55ఏలో ఆ గన్ ఎత్తేశారు.

1. హ్యాచ్ అంచు మీద మాస్కింగ్ టేపు చుట్టి, టేపు పైకి కనిపించేదంతా ఉలి బ్లేడుతో పల్చటి పొరలుగా తీశాను. ఒకేసారి కోస్తే ప్లాస్టిక్ లోపలికి చిరుగుతుంది. ఒక్కో పొర 0.2కి మించకూడదు.
2. ముందు ప్లేటు మధ్య గీత పెన్సిల్‌తో గీసి, సూదితో గుంట పెట్టి, 0.6 బిట్‌తో బెజ్జం. సూది గుంట లేకుండా బిట్ పెడితే ఏటవాలు మీద జారిపోతుంది.
3. టరెట్ మీది 12.7 మి.మీ. మెషిన్ గన్ పక్కన పెట్టేశాను, నేను చూసుకుంటున్న ఫోటోలో లేదు. దాని దిమ్మ కూర్చునే గుంటను పుట్టీతో పూడ్చాను.

పుట్టీ ఆరాక కుంగింది. ట్యూబుల్లో వచ్చే పుట్టీ ఏదైనా కుంగుతుంది, అందుకే లోతు గుంటల్ని ముందు ప్లాస్టిక్ ముక్కతో నింపి పైపైన మాత్రమే పుట్టీ పూయాలి. గుంట మళ్ళీ తొలిచి, కిట్ చట్రంలోంచి కోసిన పుల్ల ముక్క ఒకటి బిగించి, పైన పల్చగా రాశాక నిలబడింది.

దశ 3: బ్యారెల్, ఆ గొట్టం

ముందు బ్యారెల్ అతుకు సంగతి. రెండు చెక్కల్ని కలిపి టమియా ఎక్స్‌ట్రా థిన్ సిమెంటు (ప్లాస్టిక్‌ను కరిగించి అతికే జిగురు) పట్టించి, కొంచెం గట్టిగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ గట్టులా పైకి వస్తుంది. రానివ్వాలి. రాత్రంతా ఆరాక ఆ గట్టును 400 నంబరు వాటర్ పేపర్ (గరుకు కాగితం)తో తీశాను, కాలిపర్ పెడితే నిలువుగా 4.9, అడ్డంగా 4.6. అంటే గీకిన వైపు చదునైపోయింది, అసలు ట్యాంకులో అయితే సెంటీమీటరు పైచిలుకు తేడా. పేపరును వేలి కింద పెట్టి ముందుకీ వెనక్కీ రుద్దితే ఎవరికైనా ఇదే జరుగుతుంది. మార్గం ఏమిటంటే, చదునైన చోట ఫెవిక్విక్ పల్చగా పూసి, ఆరాక పేపరును సన్నటి పట్టీగా కోసి బ్యారెల్ చుట్టూ వేసి, రెండు కొసలూ పట్టుకుని బూటు పాలిష్ చేసినట్టు లాగాలి. 400, 800, 1200 వరుసలో. ప్రతి వరుస తర్వాత నాలుగు వైపులా కొలవాలి. 4.8, 4.8, 4.8, 4.9 వచ్చాక ఆపాను.

ఇక గొట్టం. దీనికి అచ్చు కొలతలు నా దగ్గర లేవు కాబట్టి ఫోటోయే దిక్కు. పక్క నుంచి తీసిన ఫోటో ప్రింటు తీసుకుని, తెలిసిన కొలత దేంతోనైనా పోల్చాలి. రోడ్ వీల్ 810 అని తెలుసు కాబట్టి దాన్నే స్కేలుగా పట్టుకున్నాను. ప్రింటులో వీల్ 27, గొట్టం 19. లెక్క వేస్తే అసలు పొడవు 570, మోడల్‌లో 16.3. కానీ వీల్ కెమెరాకు దగ్గరగా, హల్ అంచున ఉంటుంది. బ్యారెల్ ట్యాంకు మధ్యలో ఉంటుంది. దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది కాబట్టి ఈ లెక్కలో గొట్టం అసలుకంటే పొట్టిగా వస్తుంది. కొలిచే వస్తువు, కొలబద్ద రెండూ ఒకే వరసలో ఉండాలి. అందుకని రెండోసారి బ్యారెల్‌నే కొలబద్ద చేసుకున్నాను: మాంట్లెట్ (టరెట్ ముందు బ్యారెల్ మొదలయ్యే చోటి కవచం) నుంచి మూతి దాకా ప్రింటులో ఎంత, కిట్‌లో ఎంత, ఆ నిష్పత్తిలో గొట్టం ఎంత. 17.0 వచ్చింది. దీన్నే ఖాయం చేశాను. బ్యారెల్ పక్కకు తిరిగి ఉన్న ఫోటో అయితే ఈ పద్ధతీ కొంత మోసం చేస్తుంది, సరిగ్గా ముందుకు చూస్తున్న ఫోటో వెతుక్కోండి. వ్యాసం కూడా ఇలాగే: 7.2.

దేంతో కట్టాలన్నది అసలు సమస్య. పనికిరానివి ముందు చెప్తాను.

బాల్‌పెన్ రీఫిల్, జ్యూస్ స్ట్రా: రెండింటికీ మోడల్ సిమెంటు అంటదు. ఫెవిక్విక్ అంటినట్టే అంటి, ఆకురాయి తగలగానే ఊడొస్తుంది. పైగా గొట్టంగా ఉన్న దేన్నీ ఈ బ్యారెల్‌కు తొడగలేం. మూతి వైపు అసలు ఎక్స్‌ట్రాక్టర్ లావుగా అడ్డం, మొదలు వైపు బ్యారెల్ లావెక్కుతూ పోతుంది.

ఎపాక్సీ పుట్టీ: చుట్టి, గట్టిపడ్డాక రుద్దాను. గుండ్రం రాలేదు. ఒక పక్క 1.3 మందం, అవతలి పక్క 0.9. చేత్తో తిప్పుతూ రుద్దితే మెత్తగా ఉన్న చోట ఎక్కువ తినేస్తుంది. లేత్ ఉన్నవాళ్ళకు ఇదే బాగుంటుందేమో.

పనికొచ్చింది కాగితం. మామూలు 80 జీఎస్‌ఎం ప్రింటర్ కాగితం మందం దాదాపు 0.1. లెక్క చాలా శుభ్రంగా కుదురుతుంది.

1. గొట్టం కూర్చునే చోట రెండు కొసల దగ్గరా కొలిచాను: మూతి వైపు 4.9, మొదలు వైపు 5.2. ఈ వాలు మీద నేరుగా పట్టీ చుడితే ప్రతి చుట్టుకూ కాస్త కాస్త పక్కకు జరిగి చివరికి గరాటులా తయారవుతుంది. కాబట్టి ముందు వాలును సరిచెయ్యాలి.
2. 17 వెడల్పు, 24 పొడవున్న లంబకోణ త్రిభుజం కాగితంలో కోశాను. వెడల్పు అంచు బ్యారెల్‌కు ఆనించి, పొడవాటి నిటారు అంచు మూతి వైపు ఉండేలా చుట్టాలి. మూతి వైపు సుమారు ఒకటిన్నర చుట్టు పడుతుంది, మొదలు వైపు ఏమీ పడదు. ఇప్పుడు రెండు కొసలూ 5.2.
3. 5.2 నుంచి 7.2కి పోవాలంటే మందం 1.0 పెరగాలి, అంటే 10 చుట్లు. సగటు చుట్టుకొలత 19.5, కాబట్టి పట్టీ పొడవు 195. ఏ4 కాగితంలో నిక్షేపంగా వస్తుంది.
4. మొదటి చుట్టు కింద పల్చటి ఫెవిక్విక్ చుక్క. ఆ తర్వాత ప్రతి రెండు చుట్లకూ అంచున ఒక చుక్క, అదే లోపలికి పీల్చుకుంటుంది. కాగితం జిగురు పీల్చేటప్పుడు వేడెక్కుతుంది, ఒక్కోసారి పొగ కూడా వస్తుంది, కిటికీ తెరిచి పెట్టుకోండి.
5. అయ్యాక 7.5 వచ్చింది, జిగురు మందం కలిసింది కదా. పట్టీ పద్ధతిలో 7.2కి దించాను.
6. కొసలు నిటారుగా ఉంటే కాగితం పొరలు కనిపిస్తాయి. ఆకురాయితో ఏటవాలు తీసి, మళ్ళీ ఫెవిక్విక్, మళ్ళీ 800.

జిగురు తాగిన కాగితం ప్లాస్టిక్ కంటే గట్టిగా ఉంటుంది. అందుకే అంచుల దగ్గర రుద్దేటప్పుడు పక్కనున్న బ్యారెల్ అరిగిపోతుంది, గొట్టం అరగదు. బ్యారెల్‌కు టేపు రెండు వరసలు చుట్టాకే ఆకురాయి పట్టండి.

ఖర్చు: వాటర్ పేపర్లు, ఫెవిక్విక్ 180. మొత్తం రూ. 3,730.

దశ 4: టరెట్ గరుకుదనం

టరెట్ పోత పోసింది, హల్ చదును ప్లేట్లతో వెల్డింగ్ చేసింది. గరుకు టరెట్‌కే ఉండాలి. మొత్తం ట్యాంకుకు గరుకు పూసిన మోడళ్ళు చాలా చూస్తాం, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి కానీ అబద్ధం. మిస్టర్ సర్ఫేసర్ 500 అనే చిక్కటి ప్రైమర్‌ను కుచ్చు అరిగిన బ్రష్‌తో పొడుస్తూ పోవడమే పని. మొదటి పూత కాలిపర్‌కు దాదాపు 0.3 మందం చూపించింది, అంటే అసలు ట్యాంకు మీద సెంటీమీటరు బుడిపెలు. 600 వాటర్ పేపర్‌తో తడిపి, బుడిపెల తలలు మాత్రమే పోయేలా రుద్దాను. వేలితో తడిమితే తెలియాలి, చెయ్యి చాచి పట్టుకుని చూస్తే తెలియకూడదు. ఆ మాత్రం చాలు.

ఖర్చు: 420. మొత్తం రూ. 4,150.

దశ 5: ట్రాకులు

టి-55కి పైన రిటర్న్ రోలర్లు (ట్రాకు పై భాగాన్ని మోసే చిన్న చక్రాలు) ఉండవు. ట్రాకు పై భాగం రోడ్ వీల్స్ మీదే పడుకుంటుంది. మొదటి వీల్‌కూ రెండో వీల్‌కూ మధ్య ఖాళీ ఎక్కువ, అక్కడ కొంచెం కుంగుతుంది. రబ్బరులాంటి బెల్టు ట్రాకు ఇవేవీ చెయ్యదు, తాడులా బిగుసుకుని గాల్లో నిలబడుతుంది. అసలు ట్రాకు 137 మి.మీ. పిచ్ (లింకుకూ లింకుకూ మధ్య దూరం)తో 90 లింకులు, కాబట్టి మోడల్‌లో 352 రావాలి. అతికించాక నా బెల్టు 348.

బెల్టు కోసి అతకడం కంటే ముందున్న ఐడ్లర్‌ను (ట్రాకు చుట్టి తిరిగే ముందు చక్రాన్ని) వెనక్కి జరపడం తేలిక. అసలు ట్యాంకులోనూ ట్రాకు బిగువు సవరించేది ఐడ్లర్ చేతితోనే. దాని పిన్ను కోసేసి 2 మి.మీ. వెనక్కి అతికించాను, పైనొక 2, కిందొక 2, మొత్తం 4 వదులు దొరికింది. తర్వాత రెండో వీల్ నుంచి అయిదో వీల్ దాకా పై అంచున ఫెవిక్విక్ చుక్కలు పెట్టి, మడ్‌గార్డుకూ ట్రాకుకూ మధ్య స్పాంజి ముక్కలు దూర్చి రాత్రంతా ఉంచాను.

ఇక్కడొక హెచ్చరిక. కొన్ని బెల్టు ట్రాకుల్లో మెత్తదనం కోసం కలిపే రసాయనం ఏళ్ళ తరబడి తగిలి ఉంటే వీల్స్ ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది. పాత మోడళ్ళలో వీల్స్ కొవ్వొత్తిలా జారిపోవడం దీనివల్లే. వీల్ అంచుకు ముందే లాకర్ (థిన్నర్‌తో కలిపే, త్వరగా ఆరే రంగు రకం) ప్రైమర్, అంటే అడుగు పూత, దట్టంగా పట్టించి, అది బాగా ఆరాకే ట్రాకు వేశాను. విడి లింకుల ట్రాకు కొనగలిగితే ఈ బెడదే లేదు, కాకపోతే అది దాదాపు ఇంకో కిట్ ధర.

ఈ దశకు కొత్త ఖర్చు లేదు.

దశ 6: చిల్లర పనులు

మడ్‌గార్డుల మీది ఇంధనం ట్యాంకుల మధ్య గొట్టాలకు పాత స్పీకర్ కాయిల్ లోని 0.5 రాగి తీగ. పట్టుకునే హ్యాండిళ్ళకూ అదే. వెనకాల కట్టే దుంగకు గోరింటాకు చెట్టు ఎండు పుల్ల, బెరడు గీతలు స్కేలుకు బాగా సరిపోయాయి. వేప పుల్ల బెరడు మరీ ముతక. టోయింగ్ కేబుల్‌కు కరెంటు వైరు లోపలి సన్నటి పోగులు మెలేసి 0.7కి తెచ్చాను.

దశ 7: రంగు

గోదావరి జిల్లాల్లో ఉండి వానాకాలంలో లాకర్ కొట్టడం అంటే సాహసమే. గదిలో తేమ 84 శాతం ఉన్నరోజు ప్రైమర్ కొడితే పాలు చల్లినట్టు తెల్లటి మసక వచ్చింది. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలోని తేమ రంగులోకి దిగుతుంది. దాన్ని గీకాల్సిన పనిలేదు, పొడి రోజున ఒట్టి లెవెలింగ్ థిన్నర్ పల్చగా చల్లితే మసక చాలావరకు పోతుంది. పోయింది. ఆ తర్వాత నుంచి ఏసీ వేసి, తేమ మీటరు 60 కిందికి వచ్చాకే స్ప్రే గన్ పట్టాను. కంప్రెసర్ పైపులో నీళ్ళు చేరి మధ్యమధ్యలో తుంపర్లు కొట్టడం ఇంకో గొడవ, దానికి స్ప్రే గన్ కిందే నీళ్ళు పట్టే చిన్న మాయిశ్చర్ ట్రాప్ బిగించాను.

రంగు మన ఆర్మీ ఆలివ్ గ్రీన్. టమియా రంగులతో నా పాళ్ళు:

1. ఎక్స్‌ఎఫ్-58 ఆలివ్ గ్రీన్ మూడు పాళ్ళు, ఎక్స్‌ఎఫ్-62 ఆలివ్ డ్రాబ్ ఒక పాలు.
2. మిశ్రమానికి సమానంగా లెవెలింగ్ థిన్నర్, గాలి 15 పీఎస్‌ఐ.
3. రెండో పూతలో ఎక్స్‌ఎఫ్-57 బఫ్ (లేత ఇసుక రంగు) కొన్ని చుక్కలు కలిపి, ఎండ పడే పై భాగాలకు మాత్రమే.

సీసాలోని రంగును నేరుగా కొడితే ఇంత చిన్న వస్తువు మీద మరీ నల్లగా కనిపిస్తుంది, బఫ్ అందుకే. ఉత్తుత్తి గొట్టానికి మాత్రం బఫ్ వెయ్యలేదు. తర్వాత తొడిగింది కాబట్టి రంగు కాస్త తాజాగా ఉండాలని నా ఊహ. ఊహే, ఫోటోలు నలుపు తెలుపు.

ఖర్చు: రంగులు 750, థిన్నర్ 850, తేమ మీటరు 300, ట్రాప్ 350. మొత్తం రూ. 6,400.

దశ 8: నంబరు ప్లేటు

మన సైనిక వాహనాల నంబర్లలో పైకి చూసే బాణం ఉంటుంది. కిట్ డెకాల్స్‌లో (నీళ్ళలో తడిపి అతికించే బొమ్మల్లో) అది దొరకదు, ఇంట్లో ప్రింటు తీసుకోవాల్సిందే. ఇంటి ప్రింటర్లకు తెల్ల ఇంకు ఉండదు, కాబట్టి పారదర్శక డెకాల్ కాగితం మీద తెల్ల అంకెలు రావు. తెల్ల డెకాల్ కాగితం తీసుకుని, చుట్టూ ట్యాంకు ఆకుపచ్చ ప్రింటు తీసి చూశాను. ప్రింటరు పచ్చ, పెయింటు పచ్చ ఎక్కడా కలవలేదు. నల్ల పలకను ప్రింటు తీసి, అంకెలు, బాణం కాగితం తెలుపుగానే వదిలేస్తే సమస్య తీరింది. సరిగ్గా పలక అంచుకు కోస్తే చాలు.

ఇంక్‌జెట్ ప్రింటు మీద ముందు క్లియర్ రెండు పూతలు కొట్టకపోతే నీళ్ళలో వెయ్యగానే ఇంకు కారిపోతుంది. అతికించే చోట ట్యాంకు మీద కూడా ఎక్స్-22 క్లియర్ వేసి నున్నగా చెయ్యాలి, గరుకు మీద వేస్తే అడుగున గాలి చిక్కి వెండిపొరలా మెరుస్తుంది.

ఖర్చు: డెకాల్ కాగితం 280, క్లియర్ 250. మొత్తం రూ. 6,930.

దశ 9: బురద

బెంగాల్ ఒండ్రు కోసం సీసా పిగ్మెంట్లు కొనలేదు. ఇంటి దగ్గర గోదావరి ఒండ్రు బూడిద గోధుమ రంగులో ఉంటుంది, పొడి చేస్తే నేను అనుకున్న రంగుకు దగ్గరే.

1. మట్టిని ఇనప మూకుడులో సన్న సెగ మీద బాగా వేయించాలి. పచ్చి మట్టిని వాడిన చెక్క ముక్క మీద వానల్లో బూజు పట్టింది, కాబట్టి ఈ పని మానొద్దు.
2. టీ జల్లెడ చాలదు. అందులోంచి దిగే రేణువు 0.5 దాకా ఉంటుంది, అంటే ట్రాకు మీద గులకరాళ్ళు. రోట్లో నూరి, పాత పలచటి పంచె గుడ్డలో మూట కట్టి దులిపాను. గుడ్డలోంచి రాలిన పొడే పనికొస్తుంది.
3. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కలిపి, ముందు రోడ్ వీల్స్ మధ్య, తర్వాత హల్ కింది భాగం, చివర ట్రాకులు.
4. తడిగా ఉన్నప్పుడు నల్లగా కనిపించి ఇంకా కావాలనిపిస్తుంది. ఆరాక రెండింతలు తెల్లబడుతుంది. ఒక పూత వేసి పక్కన పెట్టి, పొద్దున చూసి రెండోది వెయ్యాలా అని తేల్చుకోవడం మంచిది.

డిసెంబరు, వరి కోతలయ్యాక పొలాలు గట్టిపడే కాలం. అందుకే పై భాగమంతా దుమ్ము, తడి బురద ట్రాకులకూ వెనక మడ్‌గార్డులకూ మాత్రమే. ట్రాకు లింకుల అంచుల్ని 4బి పెన్సిల్‌తో రుద్దితే అరిగిన ఇనుము మెరుపు వచ్చింది.

గొట్టం మీద దుమ్ము చల్లాక ఒకచోట కాగితం చుట్టు అంచు సన్నటి గీతగా బయటపడింది, రంగు దాచింది కానీ పొడి దాచలేదు. గొట్టం అడుగున ఉంది కాబట్టి వదిలేశాను. మీరు చేసేటప్పుడు పట్టీ కొసను బ్లేడుతో గీకి పల్చన చేసి చుట్టండి, కొస బ్యారెల్ అడుగు వైపు వచ్చేలా లెక్కేసుకుని మొదలుపెట్టండి.

ఖర్చు: ఆల్కహాల్ 120. మొత్తం రూ. 7,050.

మిగిలింది: టోయింగ్ కేబుల్ కొసల కొక్కేలు, ఎడమ వైపు హెడ్‌లైట్ గాజు, కింద పెట్టే చెక్క దిమ్మ. దిమ్మ మీద వరి మోళ్ళకు పాత పెయింటు బ్రష్ కుచ్చు కోసి చూస్తున్నాను. 4 మి.మీ. ఎత్తు, అంటే అసలుకు 14 సెంటీమీటర్లు. కుదిరితే తర్వాతి ఎంట్రీలో కొలతలు రాస్తాను.